ముందు పడిన గీత

కుంచెతో అక్షరకళ నేర్పిన ఓగుషి మాస్టారి ఆఖరి రాతను తొకియే ఇంతవరకు ఒక్కసారే చూసింది. అదీ గదికి ఈ చివర కూర్చుని.

ఆయన పోయిన నలభై తొమ్మిదో రోజు ప్రార్థనలు అయ్యాక హోనామి దాన్ని అట్టగొట్టంలోంచి తీసింది. రెండు చేతులా పట్టుకుని శిష్యులందరికీ చూపించింది. పోవడానికి వారం ముందు, పక్షవాతం వచ్చిన చేత్తో, మాస్టారు తన ఎదుటే రాశారని చెప్పింది. ఒకే ఒక్క అక్షరం. ‘ఉండటం’ అని దానికి అర్థం. వెనక వరసవాళ్ళు మెడలు సాచేలోపే మళ్ళీ చుట్టేసింది. ఫోటో తీసుకుంటామంటే తల అడ్డంగా ఊపింది.

ఈ ఆదివారం శిష్యులంతా కూర్చుని మాస్టారి తరగతిని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోబోతున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ చాపల మీద మోకాళ్ళు అరగదీసుకున్నది తొకియే. హోనామి వచ్చి నాలుగేళ్ళు. అయినా ఆఖరి రాత ఎవరి ఎదుట రాశారో, తరగతి వాళ్ళకే చెందాలని సగంమంది అప్పుడే అనుకుంటున్నారు. ఆ రాత మాస్టారిది కాదని తొకియే నమ్మకం. దగ్గరగా చూస్తే తేలిపోతుందని ఆమె ధైర్యం. అందుకే అందరూ వింటూ ఉండగా, "నలిగిన కాగితాన్ని అలాగే గోడకి తగిలిస్తావా హోనామీ? వకుయి గారి దగ్గర వెనక కాగితం వేయిద్దాం" అంది. అంతమంది ముందు కాదనలేక హోనామి సరేనంది.

ఇప్పుడు ఆ గొట్టం వకుయి పనిబల్ల మీద ఉంది.

వకుయి డెబ్భై దాటిన మనిషి. నారా ఊళ్ళో మాస్టారి రాతలన్నిటికీ వెనక కాగితం అతికి, పటాలు కట్టింది ఆయనే. చెక్క నేల మీద మఠం వేసుకుని గోధుమ గంజిని జల్లెడలో రుద్దుతున్నాడు. కిరోసిన్ పొయ్యి మీద కెటిల్ సన్నగా ఉడుకుతోంది.

"ఇద్దరూ వచ్చారా? మంచిపని చేశారు," అన్నాడు తల ఎత్తకుండానే. "మొదటిసారి నీళ్ళు తగిలేటప్పుడు రాసినవాళ్ళ తరఫు మనిషి పక్కన ఉండాలి నాకు. లేకపోతే సిరా చెదిరిందని తర్వాత నా పీకల మీదికి వస్తారు. ఇద్దరుంటే ఇంకా నయం. ఒకరినొకరు తిట్టుకుంటారు, నా జోలికి రారు."

"మేమెందుకు తిట్టుకుంటామండీ," అని హోనామి నవ్వింది.

తొకియే నవ్వలేదు. ఆమె చూపు హోనామి జుట్టుకు కట్టుకున్న నీలం చేతిగుడ్డ మీద ఉంది. అంచున చిన్న సిరా మరక. ఆ మరక పడిన రోజు తొకియేకి గుర్తే. పదకొండేళ్ళ కిందటి మాట.

"అది మాస్టారిది కదూ?"

"అవునక్కా. ఆసుపత్రిలో ఉన్నప్పుడు చెమట తుడుచుకోమని ఇచ్చారు."

"ఉతికావా?"

హోనామి వింతగా చూసింది. "ఉతక్కుండా ఎలా అక్కా?"

తొకియే అయితే ఉతికేది కాదు.

మాస్టారి దగ్గర శిష్యుల్లో ముందు వచ్చిన ఆడపిల్ల తర్వాత వచ్చినవాళ్ళకి అక్క. ఆ వరసనే హోనామి ఆమెను అక్కా అంటుంది. ఎంత మర్యాదగా అంటే, ఒక్కోసారి చెంప మీద కొట్టాలనిపించేంత మర్యాదగా. హోనామికి ఇరవై ఎనిమిదేళ్ళు. పెద్ద పెద్ద హాళ్ళలో పాటలు పెట్టుకుని, నేల మీద పరిచిన కాగితం మీద, చీపురంత కుంచెతో ఒళ్ళంతా ఊపుతూ రాస్తుంది. అలాంటి పిల్లని మాస్టారు గుమ్మంలోంచే పంపించేస్తారని తొకియే అనుకుంది. ఆయన పంపించలేదు. మొదటి నెలలోనే దాని కాగితం మీద మెచ్చుకోలుగా ఎర్రసిరాతో పువ్వులాంటి సున్నా చుట్టారు. తొకియేకి ఆ పువ్వు తరగతిలో చేరిన తొమ్మిదో ఏడాదికి దొరికింది.

ఊరగాయల కొట్లో పని తొకియేది. సాకే అనే బియ్యపు సారా మడ్డిలో ఏళ్ళ తరబడి మాగిన దోసకాయలు తీసి, కడిగి, కోసే పని. ఎంత సబ్బు పెట్టినా చేతులకు ఆ వాసన పోదు. ఒకసారి మాస్టారు ఆమె కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది తాగేసి వచ్చినట్టుందే" అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన ఆమెతో ఆడిన ఒకే ఒక్క హాస్యం. ఇంటికెళ్ళి ఆ రోజంతా దాన్నే తలుచుకుంది. హోనామి ఉన్న గదిలోంచి మాత్రం ఆయన నవ్వు వారానికి మూడుసార్లు వినబడేది.

వకుయి చేతులు తుడుచుకుని గొట్టంలోంచి కాగితం బయటికి లాగాడు. దాన్ని బోర్లా పరిచాడు. వెడల్పాటి కుంచెతో నీళ్ళు తీసుకుని, మధ్యలోంచి అంచులవైపు, తొందర లేకుండా తడపసాగాడు. ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. తడిసిన కాగితం పలచబడి అవతలి వైపు రాత ఇటు తేలింది. అద్దంలో చూసినట్టు తిరగబడి, ఎడమకు దిగాల్సిన గీత కుడికి దిగుతూ.

"చెదరలేదు," అన్నాడు వకుయి. "మూడు నెలలు ఆరింది కదా. మంచి పాత సిరాకడ్డీ. నీళ్ళలో ఎంత పలచగా అరగదీశారో చూశారా? పొగలా ఉంది."

తొకియే మోకాళ్ళ మీద ముందుకు జరిగింది. ఎవరినీ అడక్కుండా బల్ల అంచు పట్టుకుని వంగింది.

చిక్కటి సిరాలో ఏ గీత ముందు వేశారో చెప్పడం కష్టం. లేత సిరాలో దాగదు. ముందు పడిన గీత కాగితం లోపలిదాకా ఇంకిపోతుంది. రెండోది వచ్చేసరికి అక్కడ చోటు ఉండదు. కలిసే చోట రెండో గీత తెగినట్టు, మొదటిదాని కిందనుంచి దూరి వెళ్ళినట్టు కనిపిస్తుంది. ఆ అక్షరంలో ముందుగా రావలసింది అడ్డగీత. దాన్ని కోస్తూ దిగే వాలుగీత తర్వాతిది. మాస్టారి చెయ్యి నిద్రలో కూడా ఆ వరస తప్పదు.

ఇక్కడ వాలుగీత నిండుగా ఉంది. తెగింది అడ్డగీత.

గుండె ఒక్కసారి పైకి లేచింది. సంతోషమే అది. అంత సంతోషం తనకి కలుగుతుందని ఆమె అనుకోలేదు.

"వకుయి గారూ, ఇది చూడండి. వాలుగీత ముందు వేశారు."

వకుయి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. చాలాసేపు చూశాడు. "అవును. వాలుగీతే ముందు."

"మాస్టారు అలా రాస్తారా?"

"నా చేతిమీదుగా వెళ్ళినవి వెయ్యికి తక్కువ ఉండవు. ఒక్కదాంట్లో కూడా అలా లేదు."

తొకియే నెమ్మదిగా హోనామి వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ లోపల దాచుకున్న మాట. ఎలా అనాలో ఎన్నోసార్లు అనుకుని చూసుకున్న మాట. తీరా వచ్చేసరికి చిన్నగానే వచ్చింది.

"ఇది మాస్టారి రాత కాదు."

హోనామి తడిసిన కాగితం వైపు చూసింది.

"అందుకేగా ఆరోజు చూపించినట్టే చూపించి చుట్టేశావు? ఫోటోలు వద్దన్నావు? పోయిన మనిషి చేతిని దొంగిలించడానికి నీకు మనసెలా వచ్చింది? నాలుగేళ్ళు ఆయన అన్నం తిన్నావు. ఆసుపత్రికి ఇంకొకరిని రానివ్వరని చెప్పి, మూడు నెలలు నువ్వొక్కదానివే ఆయన పక్కన కూర్చున్నావు. అది చాలలేదా?"

"అక్కా," అంది హోనామి. "నేను ఆ అక్షరం ఎలా రాస్తానో మీకు తెలుసు కదా."

"ఏంటి?"

"ఒకటో తరగతిలో మా టీచరు నేర్పినట్టే రాస్తాను. అడ్డగీత ముందు. నా చెయ్యి వేరేగా పోదు. మన తరగతిలో వాలుగీత ముందు వేసేది ఎవరు?"

వకుయి తల దించుకుని, ఎక్కడా ఆరకుండా కాగితం అంచులు మళ్ళీ తడపసాగాడు.

తొకియే చిన్నప్పుడు ఎడమచేత్తో రాసేది. బళ్ళో కుడిచేతికి మార్పించారు. ఆ మార్పులో వాలుగీత ముందుకొచ్చి కూర్చుంది, ఇక కదల్లేదు. మాస్టారు ఆమె కాగితాల మీద అడ్డగీత పక్కన ఎర్రగా ఒకటి, వాలుగీత పక్కన రెండు అని అంకెలు వేసేవారు. వచ్చిన కొత్తల్లో వేశారు, పదేళ్ళ తర్వాతా వేశారు. పోయిన వసంతంలో కూడా వేశారు. ఆమె రెండు వారాలు జాగ్రత్తగా రాసేది. మూడో వారం చెయ్యి తన దారిన తాను పోయేది. ఒకరోజు ఆయన కుంచె వెనక్కి తిప్పి మణికట్టు మీద చిన్నగా కొట్టారు. "మొండిదానివి తొకియే" అన్నారు.

"నేను రాయలేదు దీన్ని," అంది తొకియే.

"మీరు రాయలేదు. మాస్టారే రాశారు." హోనామి జుట్టుకున్న గుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "పక్షవాతం వచ్చాక ఆయనకి అక్షరాలు పోయాయక్కా. చెయ్యి పోవడం కాదు, అక్షరాలే పోయాయి. కుంచె ఇస్తే ఏం చెయ్యాలో తెలిసేది కాదు. చూసి రాయడానికి ఏదైనా ముందు పెట్టమన్నారు డాక్టరు. నేను రాసి పెట్టాను. ఎంత చక్కగా రాశానో తెలుసా? పక్కకి తోసేశారు. మళ్ళీ రాసి పెట్టాను. మళ్ళీ తోసేశారు. డాక్టరే ఆయన ఇంట్లోంచి పాత కాగితాలు ఏవైనా తెమ్మంటే, ఆయన బల్ల కింది అర తెరిచాను. నిండా మీ కాగితాలు. ముప్పై ఏళ్ళవి, ఏ ఏటివి ఆ ఏడు కట్ట కట్టి. నావి ఒక్కటీ లేదు."

తొకియే బల్ల అంచు వదిలి వెనక్కి కూర్చుంది.

"ఒక కట్ట తీసుకెళ్ళాను. పైదాన్ని చూడగానే కుంచె పట్టుకున్నారు. దాని మీద ఆయనే దిద్దిన ఎర్రసిరా ఉంది, ఒకటి, రెండు అని. అది చూడనేలేదు. మీ నల్లగీతల వెంటే పోయారు. ఎన్ని రోజులు రాశారో. మీ పొరపాటుతో సహా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మొదటి వారమే అడిగారు. ఇది రాసినావిడ ఎప్పుడొస్తుంది అని. ఆయనకి మీ పేరు గుర్తులేదు అప్పటికి. రెండో వారానికి పేరు కూడా గుర్తొచ్చింది. పొద్దున అడిగేవారు, భోజనం అయ్యాక అడిగేవారు." హోనామి తల ఎత్తింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. "ఆసుపత్రివాళ్ళు మిమ్మల్ని రావద్దనలేదక్కా. అలా అన్నది నేను. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అని ఆయనకి చెప్పాను. మీరొచ్చి ఆ గుమ్మంలో నిలబడితే, ఇక ఆయన కళ్ళకి నేను ఆనను. అంతే. వేరే ఏ కారణమూ లేదు."

వకుయి కుంచె పళ్ళెంలో పెట్టాడు. "అమ్మాయీ," అన్నాడు, తల అడ్డంగా ఊపుతూ.

తొకియే నాలుగేళ్ళుగా ఈ పిల్లని చూసి కుళ్ళిపోయింది. ఆ నవ్వుల్ని, ఎర్రపువ్వుల్ని, ఆసుపత్రి మంచం పక్కన కుర్చీని లెక్కపెట్టుకుంటూ గడిపింది. అవతల ఈ పిల్ల బల్ల కింది అర ముందు కూర్చుని తన కాగితాల కట్టలు లెక్కపెట్టిందన్నమాట. నవ్వొచ్చే విషయమే. నవ్వు రాలేదు. మూడు నెలలు ఒక మనిషి తన కోసం గుమ్మం వైపు చూశాడు. ఆ మూడు నెలలూ తను ఊరగాయల కొట్లో దోసకాయలు కడిగింది.

"ఇప్పుడెందుకు చెబుతున్నావు?" అంది చివరికి. "ఇది దగ్గరగా చూస్తే మన తరగతిలో ఎవరైనా నా పేరే చెబుతారు. మాస్టారి ఆఖరి రాతని తొకియే దొంగగా రాసిందని అంటారు. ఆదివారం దాకా నోరు మూసుకుంటే నీకే లాభం కదా."

"అవును."

"మరి?"

హోనామి ఫోను తీసింది. వెనక తొడుగు ఊడదీసి, దానిలోంచి రెండు వేళ్ళతో ఒక సన్నటి కాగితపు చీలిక లాగింది. వేలెడంత వెడల్పు, మడతలు పడి ఉంది. తడి తగలని చోట, బల్ల చివర పెట్టి విప్పింది.

తొకియేకి, అని ఉంది. వణుకుతూ, పక్కకి ఒరిగిపోతూ, ఒకచోట గీత ఆగి మళ్ళీ మొదలై. ఆ చేతిని గుర్తుపట్టడానికి లేత సిరా అక్కర్లేదు.

"ఇది ఆఖరి రాత కాదు," అంది హోనామి, తడిసిన కాగితం వైపు చూపిస్తూ. "దీని తర్వాత ఇంకొకటి రాశారు. పోయే ముందు రోజు. అదే అక్షరం. కానీ అది ఎలా వచ్చిందో నేను చెప్పలేనక్కా. చూసి రాసింది కాదు అది. మీ కాగితం తీసి పక్కన పెట్టేసి రాశారు, అయినా గీతలు మీ తీరులోనే పడ్డాయి. ఎడమ అంచున మీ పేరు రాసి, నా చేతికిచ్చి, ఆవిడకివ్వు అన్నారు."

"అది ఏది?"

"అంచు కత్తిరించాను."

"హోనామీ, ఆ కాగితం ఏది?"

"నా ముద్ర వేసి ఒసాకా పోటీకి పంపాను. కొత్త తరం రాతల పోటీ. నా పేరు మీద." ఆమె మాటలు ఇప్పుడు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. "గెలుస్తుందని కాదు. ఆ రాత ఒక్కరోజైనా నాదైతే చాలనుకున్నాను. ఇవాళ పొద్దున్న ఉత్తరం వచ్చింది. మొదటి బహుమతి. ఇరవయ్యో తారీకున వేదిక మీద, అందరి ముందూ, అదే అక్షరం మళ్ళీ రాసి చూపించాలట. ఈ ఉత్తరం రాకముందే అలా రాయాలని రెండు వందల కాగితాలు పాడుచేశాను. నాకు రాదు. వాలుగీత ముందు వెయ్యడం ఎవరికైనా వస్తుంది. ఆ చెయ్యి రాదు. అది మీ చెయ్యి."

"నన్ను ఏం చెయ్యమంటావు?"

"నేర్పించండి."

వకుయి "ఛ" అన్నాడు, ఎవరినో తెలియకుండా. గంజి గిన్నె దగ్గరికి లాక్కుని, "తడి ఆరిపోతోంది. అతికించమంటారా, వద్దంటారా? ఎవరో ఒకరు చెప్పండి," అన్నాడు.

"అతికించండి," అంది తొకియే. "ఇది మాస్టారి రాతే."

ఆమె చీలికను తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. ఊరగాయల వాసన దానికి అంటుతుందేమోనని ఒక్క క్షణం అనిపించింది. అంటనీ.

"నేర్పిస్తాను," అంది.

హోనామి నమ్మలేనట్టు చూసింది.

"తరగతి నువ్వే తీసుకో, నాకక్కర్లేదు. ఆ మూడు నెలలు నాకివ్వు. ఆయన పక్షవాతంతో పడిపోయిన రోజునుంచి పోయిన రోజుదాకా. ఏం తిన్నారు, ఏం మాట్లాడారు, ఏ రోజు ఏం రాశారు, నన్ను ఎన్నిసార్లు అడిగారు, నువ్వు ఏమని చెప్పావు. ఒక్కో రోజూ వరసగా, ఏదీ దాచకుండా చెప్పాలి. నువ్వు ఒక రోజు చెబితే నేను ఒక గీత నేర్పుతాను. ఒక్క రోజు మింగేశావని తెలిస్తే ఇరవయ్యో తారీకున ఈ చీలిక పట్టుకుని నేనూ వేదిక ఎక్కుతాను. ఒప్పుకుంటావా?"

హోనామి తల ఊపబోయి ఆగింది. ఇంతసేపూ పొడిగా ఉన్న ముఖంలో మొదటిసారి రంగు పోయింది. ఒళ్ళోని నీలం గుడ్డను గుప్పిట్లోకి లాక్కుంది.

"అన్నీ చెబుతానక్కా," అంది. "ఆయన పడిపోయిన రోజు తప్ప."